సముద్ర కేబుళ్ల నష్టాన్ని సగటుతో కొలవకండి

లోతైన సముద్రంలో పరిచే ఇంటర్నెట్ కేబుల్ మందం దాదాపు 2 సెంటీమీటర్లు. తోటకు నీళ్లు పెట్టే పైపంత ఉంటుంది. మధ్యలో వెంట్రుకలంత సన్నటి గాజు పోగులు, వాటి చుట్టూ ఉక్కు తీగలు, రాగి పొర, పైన పాలిథీన్ తొడుగు. ఖండాల మధ్య ప్రయాణించే డేటాలో 95 శాతానికి పైగా వీటిలోంచే వెళ్తుంది. ప్రపంచమంతటా ఇప్పుడు పనిచేస్తున్న కేబుళ్లను ఒకదానికొకటి కలిపితే 14 లక్షల కిలోమీటర్ల పొడవు వస్తుంది. భూమధ్యరేఖ చుట్టూ 35 సార్లు చుట్టవచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 14 లక్షల కిలోమీటర్లను 2 సెంటీమీటర్లతో గుణిస్తే వచ్చేది 28 చదరపు కిలోమీటర్లు. సముద్రాల మొత్తం విస్తీర్ణం దాదాపు 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. కేబుళ్ల వల్ల పర్యావరణానికి పెద్దగా ఇబ్బంది లేదని చెప్పేవాళ్ల వాదన అంతా దాదాపు ఈ లెక్క మీదే నడుస్తుంది. గుణకారంలో తప్పేమీ లేదు. అయితే ఒక పగడపు దిబ్బ మీదుగానో, ఒక సముద్రపు గడ్డి మైదానంలోంచో కేబుల్ వెళ్లినప్పుడు అక్కడ ఏం జరిగిందో ఈ లెక్క చెప్పలేదు. వేల కిలోమీటర్ల దారిలో నష్టం కొన్ని కిలోమీటర్లలోనే పోగవుతుంది. ప్రభావాన్ని మదింపు చేసేవాళ్లు తమ శ్రద్ధంతా ఆ కొన్ని కిలోమీటర్ల మీద పెట్టాలన్నదే నా వాదన.

ముందుగా, భయపడాల్సిన అవసరం లేని విషయాలు చెప్పేస్తాను. సుమారు 1,500 మీటర్ల లోతు దాటాక కేబుల్‌ను పాతిపెట్టరు. నౌక నుంచి నెమ్మదిగా వదిలితే అడుగున వాలిపోతుంది, అంతే. కాలిఫోర్నియా తీరం నుంచి పయనీర్ సీమౌంట్ అనే సముద్రపు కొండ దాకా 1995లో 95 కిలోమీటర్ల కేబుల్ వేశారు. 2003లో శాస్త్రవేత్తలు రిమోట్ వాహనాలతో దాని వెంట వెళ్లి చూశారు. చుట్టుపక్కల జీవుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మెత్తటి బురద నేల మీద, పట్టుకోవడానికి గట్టి ఆధారం దొరికింది కదా అని పువ్వుల్లా కనిపించే సీ ఎనిమోన్లు అనే జీవులు కేబుల్ మీదే కాపురం పెట్టాయి. అయితే అదే సర్వేలో మరొకటి కూడా బయటపడింది. ఒడ్డుకు దగ్గర, అలల తాకిడి ఉన్న రాతి నేల మీద, కేబుల్ ఊగుతూ ఒరుసుకుని రాళ్లలో గాడులు పడ్డాయి. ఒకే కేబుల్, ఒకే సర్వే. లోతులో ఒక ఫలితం, ఒడ్డు దగ్గర మరొకటి.

తిమింగలాల సంగతీ అంతే. 1877 నుంచి 1955 వరకు తిమింగలాలు కేబుళ్లలో చిక్కుకున్న ఘటనలు 16 నమోదయ్యాయి. చాలావరకు స్పెర్మ్ తిమింగలాలే. టెలిగ్రాఫ్ కాలంలో కేబుల్‌ను అవసరానికి మించి వదులుగా వేసేవారు. మరమ్మతు చేసిన చోట చుట్టలు చుట్టలుగా మిగిలేది. నేల తీరును ముందే చూసి, సరిపడా బిగువుతో వేయడం మొదలయ్యాక, 1959 తర్వాత అలాంటి ఘటన ఒక్కటీ నమోదు కాలేదు. కేబుల్ వేసే పద్ధతి మారితే ప్రభావం ఎంత మారుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

అయస్కాంత క్షేత్రం గురించి కూడా చాలామందికి టెన్షన్ ఉంటుంది. ఫైబర్ కేబుల్లో దారి మధ్యనుండి సిగ్నల్‌కు బలమిచ్చే రిపీటర్లను నడపడానికి పంపే కరెంటు దాదాపు ఒక ఆంపియర్. దానివల్ల ఒక మీటరు దూరంలో ఏర్పడే క్షేత్రం భూమి సహజ అయస్కాంత క్షేత్రంలో వందో వంతు కూడా ఉండదు. సముద్రంలోని పవన విద్యుత్తును ఒడ్డుకు చేర్చే పవర్ కేబుళ్లు వేరు, ఇవి వేరు. వాటిలో వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. రెండింటినీ ఒకే గాటన కట్టి చర్చించడం వల్ల అసలు ప్రశ్నలు వెనక్కి పోతున్నాయి.

ఆ అసలు ప్రశ్నలు ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ మొదలవుతాయి. చేపల కోసం ట్రాలర్లు అనే పడవలు అడుగున ఈడ్చే వలలు, ఓడల లంగర్లు తగిలే చోట కేబుల్‌ను మీటరు లోతున పాతిపెడతారు. నౌక వెనక కట్టిన ఒక భారీ నాగలి సముద్రపు అడుగును దున్నుతూ, అదే సాలులో కేబుల్‌ను దించుతూ పోతుంది. దానికి ముందే అదే దారిలో ఉక్కు కొక్కేలను ఈడ్చి పాత తాళ్లు, వలలు, చెత్త తీసేస్తారు. అంటే నేల ఒకసారి కాదు, రెండుసార్లు కదులుతుంది. కదిలే పట్టీ వెడల్పు 2 సెంటీమీటర్లు కాదు, కొన్ని మీటర్లు. పైన వేసిన 28 చదరపు కిలోమీటర్ల లెక్క ఇక్కడే వీగిపోతుంది.

కదిలిన ఇసుక చాలాచోట్ల త్వరగానే సర్దుకుంటుంది. అలలు, ప్రవాహాలు ఉన్న ఇసుక నేలల్లో కొన్ని వారాలు, నెలల్లో గాడి పూడిపోతుంది. సముద్రపు గడ్డి అలా కాదు. మధ్యధరా సముద్రంలోని పోసిడోనియా గడ్డి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పక్కకు పాకుతుంది. అందులో రెండు మీటర్ల వెడల్పున గండి పడితే, అది పూడడానికి పట్టే కాలం కేబుల్ ఆయుష్షు కంటే ఎక్కువ కావచ్చు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా తీరంలోని గాజు స్పాంజి (గాజులాంటి అస్థిపంజరం ఉండే సముద్ర జీవి) దిబ్బ మీదుగా పవర్ కేబుల్ వేసినప్పుడు, సరిగ్గా దాని కింద పడిన స్పాంజులన్నీ చనిపోయాయి. పక్కన మీటరున్నర వరకూ కొన్ని పోయాయి. అది విద్యుత్ కేబుల్, మందం ఎక్కువ, నిజమే. కానీ అక్కడ స్పాంజులను చంపింది కరెంటు కాదు, బరువు, ఒరిపిడి. అవి ఏ కేబుల్‌కైనా ఉంటాయి.

బురదలో నిలవ ఉన్న కార్బన్ మాటేమిటి? దీన్ని ఈ మధ్య దాకా ఎవరూ పట్టించుకోలేదు. సముద్రపు అడుగు బురద వేల ఏళ్లుగా సేంద్రియ కార్బన్‌ను దాచుకుంటోంది. కేబుళ్లను పాతడం వల్ల ఇప్పటివరకు ప్రపంచవ్యాప్తంగా 28 లక్షల టన్నుల నుంచి కోటీ 12 లక్షల టన్నుల వరకు సేంద్రియ కార్బన్ కదిలి ఉంటుందని 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. కదిలినదంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోదు. ట్రాలర్లు ఏటా కదిలించేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ అని కూడా ఆ పరిశోధకులే చెప్పారు. అయినా ఇది విస్మరించదగిన మొత్తం కాదన్నారు. నాకు ఈ అధ్యయనం ముఖ్యంగా తోచింది అంకె వల్ల కాదు. ఏ ఒక్క కేబుల్ మదింపు నివేదికలోనూ ఈ అంకె వచ్చే వీల్లేదు. ప్రతి ప్రాజెక్టూ తన ఒక్క గీతనే చూసుకుని 'ప్రభావం స్వల్పం' అని రాసుకుంటుంది. అన్ని గీతలనూ కలిపి చూసే బాధ్యత ఎవరికీ లేదు.

లెక్క గీత ఎక్కడ గీస్తాం అనేది ఎంత ముఖ్యమో చెప్పే పాత కథ ఒకటుంది. తొలి సముద్ర టెలిగ్రాఫ్ కేబుళ్లకు నీరు తగలకుండా చుట్టిన పదార్థం గట్టాపెర్చా. ఆగ్నేయాసియా అడవుల్లో పెరిగే చెట్ల పాలు అది. రబ్బరు చెట్టుకు గాటు పెట్టి పాలు తీసినట్టు కాకుండా, చెట్టునే నరికి పాలు తీసేవారు. చెట్టంతా నరికితే చాలాసార్లు దక్కేది కిలో కూడా ఉండేది కాదు. అట్లాంటిక్ మీదుగా 1858లో ఒక కేబుల్, అది కొన్ని వారాల్లోనే పాడైతే 1866లో మరొకటి, ఆపైన ప్రపంచమంతా వేల మైళ్ల కేబుళ్లు. వాటి కోసం మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లో లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి. సింగపూర్ దీవిలో 1850లు ముగిసేలోపే ఈ జాతి దాదాపు కనుమరుగైంది. ఆ రోజుల్లో ఎవరైనా సముద్రంలోకి దిగి కేబుల్ ప్రభావాన్ని పరిశీలించి ఉంటే, పెద్దగా నష్టం లేదనే రాసేవారు. నష్టమంతా వేల మైళ్ల అవతల అడవిలో జరిగింది.

ఈ కాలపు కేబుల్‌కు అడవులు నరకనక్కర్లేదు. కానీ దాని జీవితకాలమంతా లెక్కేస్తే ఎక్కువ భారం పడేది సముద్రపు అడుగు మీద కాదు. మరమ్మతు నౌకలు కాల్చే ఇంధనం, కేబుల్ ఒడ్డుకు చేరే చోట ఉండే ల్యాండింగ్ స్టేషన్లు రోజంతా వాడే కరెంటు, వీటిదే పెద్ద వాటా. మదింపు నివేదికల్లో వీటికి చోటు దొరకడం అరుదు.

ఒడ్డు దగ్గర పనులు ఎలా వికటిస్తాయో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2020లో కనిపించింది. టియెర్రా డెల్ మార్ అనే చిన్న తీర గ్రామం దగ్గర, పసిఫిక్ దాటి వచ్చే కేబుల్ కోసం ఇసుక తిన్నెల కింద నుంచి సముద్రంలోకి సొరంగం తొలుస్తున్నారు. ఏప్రిల్‌లో డ్రిల్ పైపు విరిగిపోయింది. వెయ్యి అడుగులకు పైగా పైపు, డ్రిల్ కొన, దాదాపు 6,500 గ్యాలన్ల డ్రిల్లింగ్ ద్రవం సముద్రపు అడుగు కిందే వదిలేశారు. ఈ సంగతి రాష్ట్ర అధికారులకు వెంటనే చెప్పలేదు. ఇలా తొలవడాన్ని మామూలుగా మంచి పద్ధతిగానే చెబుతారు. బీచ్‌ను తవ్వనక్కర్లేదు, తిన్నెలు చెదరవు, నిజంగానే మేలైన పద్ధతి. అయితే పని అనుకున్నట్టు సాగితేనే ఆ మాట నిలబడుతుంది. పైపు విరిగితే ఏం చేయాలి, ఎన్ని గంటల్లో ఎవరికి చెప్పాలి, వదిలేసిన సామాను ఎవరు తీయాలి, ఇవి అనుమతి పత్రంలోనే ఉండాలి. ఒరెగాన్ చట్టసభ ఆ తర్వాతి ఏడాది నిబంధనలు కఠినం చేసింది. ఆ పైపు మాత్రం నేల కిందే ఉండిపోయింది.

చట్టం ఏమంటోంది? సముద్ర కేబుళ్లకు చట్టం మొదటి నుంచీ రక్షణ కవచంగానే ఉంది. 1884 పారిస్ ఒప్పందం కేబుల్‌ను మనుషుల నుంచి కాపాడటానికి పుట్టింది. 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కేబుళ్లు వేయడాన్ని అన్ని దేశాల స్వేచ్ఛగా గుర్తించింది. బ్రిటన్‌లో 12 నాటికల్ మైళ్లు దాటాక అంతర్జాతీయ టెలికాం కేబుల్ వేయడానికి సముద్ర లైసెన్సు అక్కర్లేదు. 2023లో ఆమోదం పొంది 2026 జనవరిలో అమల్లోకి వచ్చిన బహిరంగ సముద్రాల ఒప్పందం మాత్రం కొత్త దారి తెరిచింది. స్వల్పమైన లేదా తాత్కాలికమైన ప్రభావాన్ని మించి ఉండొచ్చనిపించే పనులను ముందుగా పరిశీలించాలని అది అడుగుతోంది. లోతు సముద్రంలో మామూలు ఫైబర్ కేబుల్ ఆ గీత దాటకపోవచ్చు. సముద్రపు కొండలు, చల్లటి నీటి పగడాల మీదుగా వెళ్లే దారి అయితే దాటొచ్చు. దారిని బట్టి తేల్చాలి గానీ, కేబుళ్లన్నిటికీ ఒకే జవాబు ఇవ్వకూడదు.

పరిశ్రమ వాళ్లు చెప్పే మాటలో కూడా న్యాయముంది. ఏటా ప్రపంచంలో 150 నుంచి 200 కేబుల్ లోపాలు వస్తున్నాయి. అత్యధికం చేపల వలలు, లంగర్ల వల్లే. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా కేబుల్ తెగినప్పుడు, సరిచేయడానికి ఐదు వారాలు పట్టింది. మరమ్మతుకు వెళ్లే నౌకను కాగితాల కోసం వారాల తరబడి ఆపితే నష్టపోయేది ప్రజలే. నేను అడుగుతున్నది మరమ్మతుకు కొత్త అనుమతి కాదు. కేబుల్ వేసే రోజునే, పాతికేళ్లలో జరగబోయే మరమ్మతులను కూడా మదింపులో చేర్చమంటున్నాను. పాతిన కేబుల్‌ను పైకి తీయాలంటే మళ్లీ కొక్కెం ఈడ్చాలి. పైన నౌకలో కొత్త ముక్క అతికించాక పొడవు పెరుగుతుంది. ఆ అదనపు పొడవును పాత దారికి పక్కన పరుస్తారు. సున్నితమైన చోట అది ఎటు పడాలో ముందే గీసి పెట్టుకోవచ్చు.

కేబుళ్లున్న చోట వలలు, లంగర్లు నిషేధిస్తే అది చేపలకు అభయారణ్యం అవుతుందని ఒక ఆశ ఉంది. న్యూజిలాండ్ 1996లోనే ఇలాంటి నిషేధానికి చట్టం చేసింది. అక్కడి హౌరాకీ గల్ఫ్‌లో పరిశీలిస్తే చేపల సంఖ్యలో స్పష్టమైన తేడా కనబడలేదు. మేలు జరగదని దీని అర్థం కాదు. మేలు జరుగుతుందని నివేదికలో రాసుకునేవాళ్లు దాన్ని కూడా కొలిచి చూపించాలి.

కొలవడం దగ్గరే నాకు అన్నిటికంటే పెద్ద బాధ. సముద్రపు అడుగులో ఆధునిక పద్ధతుల్లో మ్యాపు చేసింది ఇప్పటికీ నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ప్రతి కేబుల్‌కు ముందు నౌకలు దారి పొడవునా శబ్ద తరంగాలతో కొలిచే సోనార్‌తో నేలను జల్లెడ పడతాయి. తీరానికి దగ్గర వీడియోలు తీస్తాయి, మట్టి నమూనాలు తీసుకుంటాయి. ఆ సమాచారంలో ఎక్కువ భాగం కంపెనీల సర్వర్లలోనే ఉండిపోతుంది. కేబుల్ సరిగ్గా ఎక్కడుందో బయటపెట్టడానికి భద్రతా కారణాలు అడ్డొస్తాయి, అది అర్థం చేసుకోగలను. నేల ఎలా ఉంది, అక్కడ ఏ జీవులున్నాయి అన్నది దాచాల్సిన విషయం కాదు. ఆ వివరాలను పరిశోధకులకు ఇవ్వడం, కేబుల్ వేసిన ఏడాదికి, ఐదేళ్లకు, పదేళ్లకు అవే చోట్ల మళ్లీ చూసిరావడం అనుమతికి షరతుగా పెట్టాలి. మొత్తం దారి చూడనక్కర్లేదు. ఒడ్డు దగ్గరి కొన్ని కిలోమీటర్లు, దారిలో తగిలే దిబ్బలు చాలు.

అట్లాంటిక్ మీదుగా మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8 1988లో మొదలై 2002లో ఆగిపోయింది. దానిలో లోపం వచ్చింది, బాగుచేయడం గిట్టుబాటు కాదని పక్కన పెట్టేశారు. ఇప్పుడు వేస్తున్నవాటికీ ఒకరోజు ఆ ఘడియ వస్తుంది. అప్పుడు తీసేయాలా, అలాగే వదలాలా? తీస్తే పాలిథీన్, రాగి, ఉక్కు తిరిగి వాడుకోవచ్చు, కానీ పాతిన చోట నేల ఇంకోసారి కదులుతుంది, దాని మీద కాపురం పెట్టిన జీవులు పోతాయి. వదిలేస్తే ఊగే చోట రాళ్లను ఒరుస్తూనే ఉంటుంది. ఏ కిలోమీటరులో తీయాలి, ఏ కిలోమీటరులో వదలాలి అని ఆ రోజు తేల్చబోయేవాళ్లకు, కేబుల్ రాకముందు అక్కడ ఏముండేదో చూపించే వీడియో ఒకటి చేతిలో ఉండాలి. దాన్ని తీయాల్సింది ఇప్పుడే.