సత్యభామ చేతికి విల్లు ఎవరిచ్చారు?

‘పురాణ స్త్రీలను యోధురాళ్లుగా చూపే నవలలన్నీ పాశ్చాత్య దిగుమతి. మన గ్రంథాల్లో ఆడవాళ్లు ఆయుధం పట్టలేదు. చిత్రాంగద, కైకేయిల వీరగాథలు కల్పితాలు. మూలంలో లేనిది రాయడం మహాపాపం. పదిమందికి పంపండి.’ ఇదీ ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్. పంపుతూనే ఉన్నారు, ఆగితే కదా!

ఆయుధం పట్టలేదట. దేవీ మాహాత్మ్యం రెండో అధ్యాయం తెరిస్తే శివుడు శూలం, విష్ణువు చక్రం, వాయువు విల్లూ అమ్ములపొదులూ, కాలుడు కత్తీ డాలూ వరసగా అమ్మవారి చేతికిస్తారు. దేవత లెక్కలోకి రాదంటారా? అయితే జైమిని భారతంలో స్త్రీరాజ్యాన్ని ఏలే ప్రమీల ఉంది, యాగాశ్వాన్ని కట్టేసి అర్జునుడితోనే తలపడింది. దాన్ని తెనిగించిన పిల్లలమర్రి పినవీరభద్రుడి దగ్గర అంకితం పుచ్చుకున్న విజయనగర రాజు సాళువ నరసింహుడు 1491లో పోయాడు. వాస్కోడగామా వచ్చింది 1498లో. మరి ఈ దిగుమతి ఏ ఓడలో జరిగిందో!



అసలు ముల్లు ‘మూలంలో లేనిది’ అన్న మాటలో ఉంది. సంస్కృత భాగవతం దశమ స్కంధం 59వ అధ్యాయంలో సత్యభామ నరకాసురుడితో యుద్ధానికి కృష్ణుడి వెంట గరుడుడి మీద వెళ్తుంది, అంతే. విల్లు ముట్టదు. తెలుగులో నాచన సోమన, ఆ తర్వాత పోతన ఆమెను యుద్ధంలోకి దించారు. పోతన ఎంత తాపీగా దించాడో చూడండి: జడ ముడేసి, పోకముడి బిగించి, పయ్యెద సర్దుకుని వచ్చి మగడి ముందు నిలబడుతుంది. ‘లే, మాను’ అంటాడు కృష్ణుడు. మాననంటే ఇదిగో విల్లు అని తానే అందిస్తాడు. ఇక పద్యం పద్యానికీ శత్రువు మీద ఒక చూపు, మగడి మీద ఇంకో చూపు. మెసేజ్ లెక్కన పోతన మహాపాపి, ఆ పద్యాలు బళ్లో బట్టీపట్టిన వాళ్లంతా వాటాదారులు!

నరకుణ్ణి సత్యభామే చంపిందని ఎదురు మెసేజ్ పెట్టేవాళ్లూ కాస్త ఆగండి. పోతనలోనూ వాడి తల తెగింది కృష్ణుడి చక్రంతోనే.

ఆ మాటకొస్తే చిత్రాంగద విషయంలో మెసేజ్‌దే గెలుపు. వ్యాసుడి భారతంలో అర్జునుణ్ణి పెళ్లాడిన ఆమె యోధురాలు కాదు, తన కొడుకును పుట్టింటి వంశానికే ఇవ్వాల్సిన రాజకుమార్తె. విల్లు పట్టిన చిత్రాంగద 1892 నాటి టాగూర్ నాటకంలోది. కైకేయి విషయంలో సగం ఒప్పు. వాల్మీకి అయోధ్యకాండ 9వ సర్గలో దెబ్బతిన్న దశరథుణ్ణి రణరంగం నుంచి తప్పిస్తుంది. రథం ఇరుసు సీల ఊడితే ఆ కంతలో చెయ్యి పెట్టడం మాత్రం అధ్యాత్మ రామాయణంలోది. ఆ పేరు ముందుమాటలో ఒక్క ముక్క రాస్తే నవల విలువేం తగ్గదు.