లవంగం గారూ, ఒక్క వారం సెలవు పెట్టండి

శ్రీయుత లవంగం గారికి,
బగారా సామాను డబ్బా, వంటిల్లు.

అయ్యా,

బగారా అన్నంలో కనబడితే మిమ్మల్ని ఏరి కంచం అంచున పెడతాం. అదే అర్ధరాత్రి పన్ను సలపడం మొదలైతే డబ్బా బోర్లించి మరీ వెతుకుతాం. నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, మా జిల్లాల దంత వైద్యాధికారి కుర్చీలో మీరే కూర్చున్నారు. మీ సొంతూరు ఇండోనేషియాలోని మలుకు దీవులు. అయినా స్థానికుడినని రుజువు చేసే ముల్కీ సర్టిఫికెట్ చూపించమని ఒక్కరూ అడగలేదు. ఈ గడ్డ మీద అది మామూలు గౌరవం కాదు.

మీ పనితనాన్ని తక్కువ చేయను. మీలోని యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది. డెంటిస్టులు కూడా దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక ఫిల్లింగ్‌కు వాడతారు. కాకపోతే వాళ్ల దగ్గర మీరు అసిస్టెంటు, మా దగ్గర సూపరింటెండెంటు. మీరు నొప్పి నోరు మూయిస్తారు, పుప్పి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. కొన్నాళ్లకు పన్ను లోపలి నరం చచ్చి నొప్పి మాయమవుతుంది. "లవంగం పెట్టిన, తగ్గింది" అని పేరు మీకొస్తుంది. ఆ తర్వాత వేరు కొసన చీము పట్టి దవడ బూరెలా పొంగిందనుకోండి, "వేడి చేసింది" అంటారు. మీ మీద మాట పడదు. ఏ అధికారికి దక్కుతుంది ఇంత అదృష్టం?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక హమాలీని చూశాను. తలకు చుట్టుకోవాల్సిన తువాల దవడ చుట్టూ కట్టుకున్నాడు. మిర్చి ఘాటుకు కళ్లల్లో నీళ్లు, మీ ఘాటుకు నోట్లో నీళ్లు. బస్తా దించి, మిమ్మల్ని నాలుకతో నొప్పి పక్కకు సర్దుకుని అడిగాడు: "గుంజి పారేస్తే ఎంత తీసుకుంటరు సార్? ఉంచాలంటే మూడు నాలుగుసార్లు రమ్మంటరట. అన్ని దినాల కూలి ఎవలిస్తరు?" లెక్క ఆయనకు బాగా తెలుసు. పన్ను నిలబెట్టాలంటే వేలు, పీకించుకుంటే వందలు. నోట్లో సందులు ఊరికే పడవు.

పైవాళ్లు ఏమీ చేయలేదని అంటే కళ్లు పోతాయి. డెంటిస్టుల చట్టం 1948లోనే వచ్చింది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లో మొదలైంది. దేశంలో డెంటల్ కాలేజీలు 300 దాటాయి, చాలావరకు ప్రైవేటువే. పళ్ల డాక్టర్లకు పట్టాలిచ్చే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మా వరంగల్‌లోనే ఉంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఏమో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉంది. పట్టా ఇక్కడ, కుర్చీ అక్కడ, పుచ్చిన పన్ను అడవి పక్కన ఏటూరునాగారంలో. డాక్టర్లకు కరువా అంటే అదీ కాదు. హన్మకొండలో ఒక క్లినిక్ మెట్లు దిగితే ఇంకో క్లినిక్ మెట్లు తగులుతాయి. అడవి వైపు పోయినకొద్దీ ఆ బోర్డులు పలచబడతాయి, మీ గిరాకీ పెరుగుతుంది.

కళ్ల కోసం 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు ఊరూరా తిరిగింది, అద్దాలు పంచింది. అంత దూరం వచ్చినవాళ్లు రెండంగుళాలు కిందికి చూసి "నోరు తెరువు" అంటే ఎంత బాగుండేది! ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెరిగింది. నోటి క్యాన్సర్ వస్తే ఆదుకుంటుంది, సంతోషం. కానీ దానికి ముందు బుగ్గ లోపల వచ్చే తెల్లమచ్చను, గుట్కాకు దవడ బిగిసి మూడు వేళ్లు కూడా పట్టని నోటిని ఊళ్లో చూసేదెవరు? ప్రైవేటు బీమా సంగతి మరీ సుబ్బరం. యాక్సిడెంట్‌లో పన్ను విరిగి ఆస్పత్రిలో చేరితే తప్ప మామూలుగా పైసా రాలదు. వాళ్ల లెక్కలో ఒళ్లు వేరు, పళ్లు వేరు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి మా పెద్దమ్మ హన్మకొండ దాకా ఉచితంగా పోయి, రూట్ కెనాల్ రేటు కనుక్కుని, అంతే ఉచితంగా తిరిగి రావచ్చు.

ఇంతకీ తప్పంతా మీదే. జనాన్ని గట్టిగా అరవనిస్తే కదా పైకి వినబడేది? అందుకే ఒక్క వారం సెలవు పెట్టండి. సోమవారం నుంచి అయితే మేలు, ఆ రోజు ప్రజావాణి ఉంటుంది. దవడలు పట్టుకుని జనం కలెక్టరేట్‌లో క్యూ కడతారు. అర్జీ చదవాల్సిన పనిలేదు, మొహం చూస్తే చాలు. అర్జీలు తీసుకునేవాళ్లలో కూడా కొందరి సొరుగుల్లో మీరే ఉంటారని నా అనుమానం. వాళ్లకు కూడా ఆ వారం సరఫరా ఆపండి.

ఇట్లు,
ఎడమ పక్కతో నమలడం మానేసిన ఒక వరంగల్ వాసి.

నకలు: ఉప్పు నీళ్లు, వెల్లుల్లి, జామాకు, మెడికల్ షాపు గోలీ గార్లకు. లవంగం గారు సెలవులో ఉన్నప్పుడు మీరెవరూ ఇన్‌ఛార్జి బాధ్యతలు తీసుకోవద్దని మనవి.