నానమ్మకి ఎన్ని పర్మిషన్లు కావాలి?

దేశం ముందున్న పెద్ద సమస్యల్లో నానమ్మని బ్రౌజర్‌లో పెట్టడం కూడా ఒకటని నేను అనను. కానీ మారతహళ్ళిలో మా పీజీ మూడో అంతస్తులో దాని మీద జరిగినంత చర్చ ఇంక దేనిమీదా జరగలేదు, ఆదివారం చికెన్‌లో ముక్కల లెక్క మీద తప్ప.

బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ని ఎక్స్‌టెన్షన్ అంటారు. మేం తయారుచేసినదాని పేరే 'నానమ్మ'. అర్ధరాత్రి షాపింగ్ సైట్ తెరిస్తే స్క్రీన్ మూలలోంచి ముక్కుపుడక పెట్టుకున్న బొమ్మ ఒకటి తొంగిచూసి, "ఉన్న చొక్కాలు చిరిగిపోయాయా?" అంటుంది. ఉద్యోగాల సైట్ తెరిస్తే, "ఉన్నదానికేం రోగం?" అంటుంది. పెళ్ళి సంబంధాల సైట్ తెరిస్తే మాత్రం ఒక్క మాట కూడా అనదు. కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుంటుంది.

ఇది వట్టి వేళాకోళం. కానీ బెంగళూరులో వేళాకోళాన్ని కూడా లాంచ్ చేయాలి. ఏదో ఒకటి లాంచ్ చేయనివాణ్ణి ఈ ఊళ్ళో ఆంధ్రా మెస్ వాళ్ళు కూడా రెండోసారి పప్పు కావాలా అని అడగరు. కాబట్టి ఎక్స్‌టెన్షన్లు దొరికే అధికారిక స్టోర్‌కి పంపాలని తీర్మానించాం. ఏ స్టోరో చెప్పను. తర్వాతి వెర్షన్ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది.

పంపేముందు శాస్త్రం చదవాలి కదా, క్రోమ్ వెబ్ స్టోర్ నిబంధనలు తిరగేశాను. అక్కడ ఎక్స్‌టెన్షన్లు పెట్టాలంటే రిజిస్ట్రేషన్‌కి ఒక్కసారి 5 డాలర్లు కట్టాలి. ఫైర్‌ఫాక్స్ వాళ్ళు అదీ అడగరు. నన్ను ఆకట్టుకున్నది డబ్బు సంగతి కాదు. తిప్పికొట్టే కారణాలకి వాళ్ళు పెట్టిన పేర్లు. అవసరానికి మించి పర్మిషన్లు అడిగితే 'పర్పుల్ పొటాషియం'. చెప్పిన పని చేయకపోతే 'యెల్లో మెగ్నీషియం'. కోడ్‌ని ఎవరికీ అర్థం కాకుండా మెలిపెడితే 'రెడ్ టైటానియం'. మన జాతకాల్లో కుజదోషం, కాలసర్పదోషం ఉన్నట్టే. తేడా ఒక్కటే, ఇక్కడ శాంతి చేయించడానికి పంతులుగారు దొరకరు.

ఐకాన్ 128 పిక్సెల్స్ పొడవు, అంతే వెడల్పు ఉండాలి. ముక్కుపుడక ఒక చుక్కయింది. స్క్రీన్‌షాట్ 1280 బై 800. చిన్న వివరణ 132 క్యారెక్టర్లు దాటకూడదు. 132 అంటే మా నానమ్మకి ఫోన్‌లో "ఆఁ, ఎవరూ?" దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంకా నా పేరు దాకా రాదు.

అసలు కథ పర్మిషన్ల దగ్గర మొదలైంది. నానమ్మ ఏ పేజీ తెరిచినా చూడాలి కాబట్టి, 'మీరు వెళ్ళే అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తం చదవగలదు, మార్చగలదు' అనే హక్కు కావాలి. ఎందుకు కావాలో సమర్థించండి అని ఒక గడి ఉంది. నేను నిజాయితీగా "నానమ్మ కదా" అని రాశాను.

తిరిగొచ్చింది.

ఇక్కడ మా రూమ్మేట్ సంగతి ఒకటి చెప్పాలి. వాడి బ్రౌజర్‌లో పదకొండు ఎక్స్‌టెన్షన్లున్నాయి. అందులో ఒకటి పేజీని నల్లగా మార్చడం తప్ప ఏమీ చేయదు, దానికీ ఇదే హక్కు ఉంది. బ్యాంక్ పేజీ కూడా నల్లగానే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ హెచ్చరిక చదివావా అని అడిగితే "ఏ హెచ్చరిక?" అన్నాడు. ఆ వాక్యాన్ని శ్రద్ధగా చదివేది లోకంలో ఇద్దరే అనుకుంటాను: రాసినవాడు, రివ్యూ చేసేవాడు. ఆ రెండోవాడి మీద నాకు గౌరవం పెరిగింది. ఇంటికొచ్చిన సంబంధాన్ని కూడా ఎవరూ అంత నిలదీసి అడగట్లేదు.

రెండోసారి అడ్డం పడింది 'ఒకే ప్రయోజనం' నియమం. ఎక్స్‌టెన్షన్ ఒక్క పనికే పుట్టాలి, ఆ పని ఇట్టే అర్థమవ్వాలి. మీ నానమ్మ తిడుతుంది, సలహా చెబుతుంది, నిఘా వేస్తుంది, సంబంధాలూ చూస్తుంది, ఇందులో ప్రయోజనం ఏది? న్యాయమైన ప్రశ్నే. తాతయ్యకి కూడా అరవై ఏళ్ళు కాపురం చేసినా జవాబు దొరకలేదు.

పైగా వాడేవాళ్ళ సమాచారం బయటివాళ్ళెవరికీ చేరవేయనని టిక్ పెట్టాలి. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. మొదటి జీతం ఎంతో నానమ్మకి చెప్పి, "ఎవరికీ చెప్పకు" అన్నాను. సాయంత్రానికల్లా తెనాలిలో మా పాలవాడికి తెలిసింది, మర్నాటి నుంచి లీటరుకి రూపాయి పెంచాడు. అలాంటి మనిషి పేరు మీద ఆ టిక్ ఎలా పెట్టను? రాత్రంతా ఆలోచించి పెట్టాను. కోడ్‌లో ఉన్న నానమ్మ ఎవరికీ చెప్పదు. ఆవిడకీ ఈవిడకీ పోలిక అక్కడితో సరి.

ఇక కత్తిరింపు మొదలైంది. చొక్కాల డైలాగ్ తీసేశాం. ఉద్యోగాలది తీసేశాం. పెళ్ళి సైట్ దగ్గర మౌనం తీసేయడానికి రెండు రోజులు పట్టింది. చేయనిదాన్ని కోడ్‌లో వెతకడం అంత తేలిక కాదు. చివరికి మిగిలింది ఒక్కటే. మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి తొమ్మిదింటికి చిన్న నోటిఫికేషన్: 'అన్నం తిన్నావా?' దీనికి ఎవరి పేజీలూ చదవక్కర్లేదు. అలారం ఒకటి, నోటిఫికేషన్ ఒకటి, రెండు పర్మిషన్లు చాలు. మూడోసారి గుట్టుచప్పుడు కాకుండా పాసైపోయింది.

పేరడీ అని పంపినదాంట్లో పేరడీ ఒక్క ముక్కా మిగల్లేదు. దానికి మేం కేక్ కోశాం.

ఆ వారమే మా రూమ్మేట్ ఆఫీసులో స్క్రీన్ షేర్ చేసి ఏదో గ్రాఫ్ చూపిస్తున్నాడు. పన్నెండున్నరకి అయిపోవాల్సిన మీటింగ్ ఒంటిగంటకీ సాగుతోంది. గ్రాఫ్ మీద నానమ్మ దిగింది. మేనేజర్ మైసూరు వైపు ఆయన. తెలుగు రాదు కానీ, రెండు లిపులూ దగ్గరి చుట్టాలే కదా, కళ్ళు చిట్లించి కూడబలుక్కుని చదివాడట: "అ...న్నం..." తర్వాత గ్రాఫ్ గురించి అడగలేదు.

"ఊట ఆయ్తా?" అన్నాడు, భోజనం అయిందా అని.

"ఇన్నూ ఇల్ల సార్."

మీటింగ్ అక్కడితో ముగిసింది. అందరూ లేచి కేంటీన్‌కి వెళ్ళారు. ఆ గ్రాఫ్‌లో తప్పుందని మావాడికి సాంబారన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చిందట.