జేఆర్డీని గెంటేసింది నెహ్రూనా? ఈ ఫార్వర్డ్ సంగతి ఓసారి చూద్దాం

ఎయిర్ ఇండియా పేరు న్యూస్‌లోకి ఎక్కినప్పుడల్లా ఒక ఫార్వర్డ్ లేస్తుంది, మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా ఏదో ఒక బాబాయ్ పుణ్యమా అని వచ్చే ఉంటుంది. అందులో ఉండేది ఇదే: జేఆర్డీ టాటా ఒంటిచేత్తో ఎయిర్‌లైన్ పెట్టాడు, 1953లో నెహ్రూ రాత్రికి రాత్రి లాక్కుని ఆయన్ని బయటికి గెంటేశాడు, ఆ రోజు నుంచే నష్టాలు, ఆఖరికి టాటాలు 18 వేల కోట్లు క్యాష్ కట్టి అప్పులన్నీ తీర్చి వెనక్కి తెచ్చుకున్నారు. కింద విమానం పక్కన నిలబడ్డ ఫోటో ఒకటి, "కన్నీళ్ళు ఆగవు, షేర్ చేయండి" అని.

జేఆర్డీ అంటే నాకు చాలా గౌరవం, ఈ మెసేజ్ చూస్తే ఒళ్ళు మండేది కూడా అందుకే. ఆయన్ని ఏడిపించి వదిలేస్తారు, అసలు గొప్పతనం ఎక్కడుందో ఆ ముక్క మాత్రం రాయరు.

1) "ఒంటిచేత్తో". కాదు. ఆ ఐడియా నెవిల్ విన్సెంట్ అనే మాజీ రాయల్ ఎయిర్‌ఫోర్స్ పైలట్‌ది. టాటా గ్రూపు పెద్దాయన దొరాబ్జీ టాటాకి మొదట్లో అసలు ఇష్టం లేదు, జాన్ పీటర్సన్ అనే టాటా డైరెక్టర్ నచ్చజెప్తే 2 లక్షల పెట్టుబడికి ఒప్పుకున్నాడు. 1932 అక్టోబర్ 15న జేఆర్డీ కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకి పస్ మాత్ అనే చిన్న విమానం నడుపుకుంటూ వచ్చాడు, అందులో ప్యాసింజర్లు లేరు, ఉన్నది టపా మూటలే. అక్కడి నుంచి మద్రాసుకి ఆ టపా తీసుకెళ్ళింది విన్సెంటే, మధ్యలో బళ్ళారిలో ఆగి (అప్పుడు బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో, మన అనంతపురం కర్నూలుతో పాటు దత్తమండలాల్లోదే). జుహూ అప్పట్లో ఒట్టి మట్టి మైదానం, వానాకాలం వస్తే నీళ్ళలో మునిగిపోయేది, సామాను సర్దుకుని పూనా వెళ్ళేవాళ్ళు. విన్సెంట్ 1942లో యుద్ధకాలంలో విమానంలో వెళ్తూ చనిపోయాడు, ఈ ఫార్వర్డ్‌లో ఆయన పేరు ఒక్కసారి కూడా ఉండదు.

2) "రాత్రికి రాత్రి లాక్కుని గెంటేశాడు". ఇదే అసలు అబద్ధం. 1948లో విదేశాలకి నడపడానికి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ పెట్టినప్పుడే గవర్నమెంట్ వాటా 49 శాతం, టాటాలది 25, మిగతాది పబ్లిక్‌ది, కావాలంటే ఇంకో 2 శాతం కొనుక్కునే హక్కు కూడా గవర్నమెంట్‌కి అగ్రిమెంట్‌లోనే ఉంది. ఇక దేశం లోపల నడిపే కంపెనీల పరిస్థితి చూస్తే, యుద్ధం అయ్యాక డకోటా విమానాలు చవగ్గా దొరకడంతో అడిగిన వాళ్ళందరికీ లైసెన్సులు ఇచ్చేశారు, ట్రాఫిక్ లేదు, చాలామంది మునిగారు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ వేస్తే వాళ్ళు జాతీయం చేయడం (గవర్నమెంట్ తీసేసుకోవడం) ఇప్పుడే వద్దు, ముందు కంపెనీలు వాటంతట అవే కలిస్తే మంచిది అన్నారు. గవర్నమెంట్ మాత్రం పార్లమెంటులో చట్టం పెట్టి 1953 ఆగస్టు 1న అన్నీ తీసేసుకుంది. మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే, దేశం లోపల నడపడానికి పెట్టిన గవర్నమెంట్ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, దాని కోసం ఏడ్చే ఫార్వర్డ్ మాత్రం ఎవరూ రాయరేంటో.

జేఆర్డీకి కోపం రాలేదా అంటే బాగానే వచ్చింది, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా చేశారని నెహ్రూకే చెప్పాడు. కానీ ఆ తర్వాత నెహ్రూ ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కి చైర్మన్‌గా ఉండమని అడిగితే ఒప్పుకున్నాడు, జీతం లేకుండా, 1953 నుంచి 1978 దాకా. వద్దని కొట్లాడి ఓడిపోయిన మనిషి, తనది కాని కంపెనీకి పాతికేళ్ళు చాకిరీ చేశాడండీ! విమానం ఎక్కితే ఊరికే కూర్చునేవాడు కాదు, దిగాక మేనేజ్‌మెంట్‌కి నోట్స్ వెళ్ళేవి. ఒకదాంట్లో విమానంలో ఇచ్చిన టీ రంగు చూస్తే కాఫీకీ దీనికీ తేడా తెలియట్లేదని రాశాడు. కర్టెన్లు, సీట్లు, కౌంటర్ మీద దుమ్ము, దేన్నీ వదిలేవాడు కాదు.

మరి తీసేసింది ఎవరు? 1978 ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయ్ గవర్నమెంట్. ఎంపరర్ అశోక అనే ఎయిర్ ఇండియా 747 విమానం బొంబాయి సముద్రంలో కూలి 213 మంది పోయింది ఆ జనవరి 1నే, నెల తిరిగేసరికి జేఆర్డీ పదవి పోయింది. ఆ కబురు కూడా గవర్నమెంట్ చెప్పలేదు, ఆయన ప్లేస్‌లోకి వస్తున్న మాజీ ఎయిర్ చీఫ్ మార్షల్ పీసీ లాల్ ద్వారానే తెలిసింది. అప్పుడు అధికారంలో లేని ఇందిరా గాంధీ బాధపడుతూ ఉత్తరం రాసింది, 1980లో మళ్ళీ గెలిచాక బోర్డులోకి తెచ్చింది, చైర్మన్ మాత్రం చెయ్యలేదు. ఇదంతా రాస్తే ఒక్క విలన్‌తో కథ నడవదు కదా.

3) "ఆ రోజు నుంచే నష్టాలు". జేఆర్డీ హయాంలో చాలా ఏళ్ళు లాభాలే, 1962కే అన్నీ జెట్ విమానాలున్న ఎయిర్‌లైన్ అయింది, అదీ గవర్నమెంట్ ఓనర్‌గా ఉండగానే. పూర్తిగా మునిగింది 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిపాకే, దానికి ముందు రెండు కంపెనీలకీ కలిపి 111 విమానాలు ఆర్డర్ పెట్టి ఆ అప్పు నెత్తిన పెట్టుకున్నారు, 2007 తర్వాత అమ్మేదాకా ఒక్క ఏడాది కూడా నికర లాభం రాలేదు.

4) "18 వేల కోట్ల క్యాష్". 2021 అక్టోబర్‌లో గెలిచిన బిడ్ విలువ 18,000 కోట్లు, కరెక్టే. అందులో క్యాష్ 2,700 కోట్లు, మిగతా 15,300 కోట్లు వాళ్ళు నెత్తికెత్తుకున్న అప్పు. అప్పటికి మొత్తం అప్పు 61,562 కోట్లు. మిగిలిన 46 వేల కోట్ల పైచిలుకు గవర్నమెంట్ వేరే కంపెనీ పెట్టి దాన్లోకి మార్చుకుంది, అంటే అది మోసేది మనమే.

5) ఆ ఫోటో. నాకొచ్చిన ఫార్వర్డ్‌లో తెల్లజుట్టు పెద్దాయన చిన్న విమానం పక్కన ఉంటే కింద "1932 తొలి ప్రయాణం" అని రాశారు. 1932లో ఆయన వయసు 28. తెల్లజుట్టుతో అలా విమానం నడిపింది 1982 అక్టోబర్ 15న, యాభై ఏళ్ళు నిండాయని, 78 ఏళ్ళ వయసులో లెపర్డ్ మాత్ అనే చిన్న విమానం వేసుకుని కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ తనే నడుపుకుంటూ వచ్చాడు, చైర్మన్ పదవి పోయిన నాలుగేళ్ళకి.