బాగున్నారా అంటే బాగున్నానని మాత్రం అనకండి

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకి నాదొక విన్నపం. ఎవరైనా "ఎలా ఉన్నారు?" అని అడిగితే దయచేసి "బాగున్నానండీ" అనకండి. కనీసం ప్రభుత్వం అడిగినప్పుడైనా అనకండి.

ఈ జ్ఞానం నాకు మా బావ నడుము వల్ల కలిగింది. ఆయన లండన్‌లో 19 ఏళ్లు డబుల్ డెక్కర్ బస్సు నడిపాడు. రెండు డిస్కులు జారాయి, ఎడమ కాలు మొద్దుబారింది, ఉద్యోగం పోయింది. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే జబ్బు భత్యం మీద ఉన్నాడు. ఆ ఆఫీసు నుంచి వర్క్ ఫోకస్డ్ ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చింది. అంటే పని మీద దృష్టి పెట్టే ఇంటర్వ్యూ అన్నమాట. మా బావకి పని మీద దృష్టికి ఎప్పుడూ లోటు లేదు. లేనిది నడుమే.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇక్కడ మనిషి పని చేయగలడో లేడో తేల్చడానికి 2008 నుంచి ఈ పాయింట్ల పరీక్ష ఉంది. 15 వస్తే చేయలేనట్టు లెక్క. అర లీటరు పాల డబ్బా ఎత్తలేకపోతే 15. ఏ చెయ్యీ కోటు పై జేబు దాకా లేవకపోతే 15. జేబు దాకా లేచి, టోపీ పెట్టుకునేంత ఎత్తుకి లేవకపోతే 9. అట్టపెట్టె మొయ్యలేకపోతే 6, అదీ ఖాళీ అట్టపెట్టె. నడక సంగతి ఇంకా సొగసు. మీకు చక్రాల కుర్చీ లేకపోయినా సరే, ఉంటే వాడుకోగలరని వాళ్లకి అనిపిస్తే చాలు, ఆ లేని కుర్చీలో కూర్చోబెట్టి మీరెంత దూరం పోగలరో లెక్కేస్తారు. గాలిలో మేడలు కట్టేవాళ్లని చూశాను గానీ, గాలిలో కుర్చీ వేసి మనిషిని కూర్చోబెట్టేవాళ్లని చూడటం ఇదే మొదలు.

మా బావకి ఆగకుండా వంద మీటర్లు దాటలేనందుకు 9, గంటకి మించి ఒక్కచోట పని చేసుకుంటూ ఉండలేనందుకు 6. బొటాబొటిగా 15. యాభై మీటర్లకే ఆగిపోయి ఉంటే మరీ చేతకానివాళ్ల జాబితాలో వేసేవారు, ఈ ఇంటర్వ్యూల బాధే ఉండేది కాదు, అదనంగా డబ్బు కూడా వచ్చేది. పరువు కొద్దీ ఇంకో నాలుగడుగులు వేశాడు. ఇదిగో, ఆ నాలుగడుగుల ఫలితం.

ఇంటర్వ్యూలో ఉద్యోగం వెతకమనరు, అప్లికేషన్ పెట్టమనరు. పనికి ఎలా దగ్గరవ్వాలో మాట్లాడతారు, అంతే. సరైన కారణం లేకుండా వెళ్లకపోతే మాత్రం డబ్బు కోస్తారు. వెళ్లి కనిపించేదాకా ఒక కోత, ఆ పైన మొదటిసారికి 7 రోజులు, రెండోసారికి 14, మూడోసారికి 28. నీకు పెళ్లి కాదని తామే తేల్చి చెప్పినవాణ్ణి శుభలేఖల రంగులు చూడటానికి పిలిచి, రాకపోతే నీకు అన్నం పెట్టం అన్నట్టు.

సరే, తయారీ మొదలైంది. ఆదివారం సాయంత్రం, వంటింట్లో బల్ల దగ్గర. మా అక్కది వర్క్ కోచ్ వేషం, అంటే ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు. ఎదురుగా బావ. నేను తోడుగా వచ్చినవాణ్ణి.

"గుడ్ మార్నింగ్. ఎలా ఉన్నారు?" అంది అక్క.

"బాగున్నానండీ. మీరెలా ఉన్నారు?"

అక్క తల కొట్టుకుంది. "అయిపోయింది. బాగున్నాడని రాసేసుకుంటారు."

"మరి అడిగితే ఏమనమంటావే?"

"నొప్పిగా ఉందనండి."

"ముక్కూ మొహం తెలియని మనిషికి కూర్చోగానే నొప్పులు చెప్పుకుంటామా? మర్యాదేనా?"

మళ్లీ మొదలు. ఈసారి బావ దీర్ఘంగా మూలిగాడు. మరీ ఎక్కువైంది బావా, నటన అనుకుంటారు అన్నాను. "నటన కాదురా, నిజంగానే పట్టేసింది" అన్నాడు. లేపి, మంచం మీద పడుకోబెట్టి, అరగంట తర్వాత మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాం.

గడ్డం గీసుకోవాలా వద్దా అన్నదాని మీద ఇంకో అరగంట. గీసుకుంటే మనిషి నిగనిగలాడుతున్నాడు, ఏం జబ్బు అంటారు. గీసుకోకపోతే పని మీద శ్రద్ధ లేదంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఒక చెంప గీసుకుని వెళ్లమని మా మేనల్లుడు సలహా ఇచ్చి తిట్లు తిన్నాడు. ఇస్త్రీ చొక్కా మీద చర్చ జరుగుతుండగా అక్క, ఎక్కడ విన్నదో గానీ, హఠాత్తుగా అడిగింది: "అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

బావ చాలాసేపు ఆలోచించాడు. "బాత్రూమ్‌లో. ఒక్కణ్ణే. ఎవరూ పట్టుకోకుండా."

అక్క టీ పెట్టడానికి లేచింది.

నాకు ఇక్కడ వ్యంగ్యం చేతకావడం లేదు. 2017 ఏప్రిల్‌కి ముందు ఇలాంటివాళ్లకి వారానికి 29.05 పౌండ్లు అదనంగా ఇచ్చేవారు. కొత్తగా వచ్చేవాళ్లకి తీసేశారు. ఆ డబ్బు చేతికందితే పనికి పోవాలనిపించదట! తెల్లవారుజామున మూడింటికి లేచి, మంచులో డిపోకి నడిచిన మనిషి, 29 పౌండ్ల కోసం వెన్ను విరగ్గొట్టుకున్నాడా? ఎవరికి నేర్పుతున్నారు పని విలువ? 2012లో లండన్ పారాలింపిక్స్‌కి, అదే వికలాంగుల ఒలింపిక్స్‌కి, స్పాన్సర్లలో ఒకరెవరో తెలుసా? అప్పుడు ఈ పరీక్షలు చేస్తున్న కాంట్రాక్టు కంపెనీ, అటోస్. సిగ్గు లేకపోవడం కూడా వైకల్యమే అయితే దానికెన్ని పాయింట్లు వెయ్యాలో! డాక్టరు రాసిచ్చే జబ్బు కాగితం పేరు 2010లో 'ఫిట్ నోట్' అని మార్చినప్పుడే మనకి అర్థం కావాల్సింది. పేరు మారిస్తే నడుం నిలబడుతుందనుకునే బుర్రలు ఇవి.

పోనీ మన దగ్గరే నయమేమోనని ఆంధ్రాలో ఉన్న బావ తమ్ముడికి ఫోన్ చేశాం. ఆయనది చిన్నప్పటి పోలియో. 2024లో పింఛను 3,000 నుంచి 6,000 అయింది, సంతోషించాం. 2025లో మళ్లీ పరీక్షకి రమ్మన్నారట. ఇక్కడ 15 పాయింట్లు, అక్కడ వైకల్యం ఎంతో కొలిచే సదరం పరీక్షలో 40 శాతం. "ఏం చూస్తార్రా కొత్తగా?" అన్నాడు బావ. "చచ్చుబడ్డ కాల్లోకి మళ్లీ ప్రాణమేమైనా వచ్చిందేమోనని అన్నయ్యా" అన్నాడాయన.

ఇంటర్వ్యూ రోజు పది గంటలకి రమ్మంటే తొమ్మిదిన్నరకే వెళ్లాం. పిలిచింది పదీ నలభైకి. వాళ్ల ఆలస్యానికి 7 రోజుల లెక్క లేదు. ప్లాస్టిక్ కుర్చీలో బావ ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరుగుతూ చెమటలు కక్కుతున్నాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి చెడ్డదేం కాదు, పాపం తన నెత్తిన కూడా ఎవరో కూర్చునే ఉంటారు. కంప్యూటర్‌లోంచి తలెత్తి, నవ్వి, "హౌ ఆర్ యూ టుడే?" అంది.

నేను బల్ల కింద నుంచి బావ కాలు గట్టిగా తొక్కాను. తొక్కింది ఎడమ కాలని తర్వాత తెలిసింది. ఆయనకి తెలియనే లేదు.

"వెరీ వెల్, థాంక్యూ" అన్నాడు మా బావ. "అండ్ యూ?"