రిబ్బను ముడికి చెవి అని పేరు పెట్టిన కొలత

నిన్న సాయంత్రం అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి నుంచి ఒక రంగుల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. పిల్లలు ఎలా నిలబడుతున్నారో ఫోను యాప్‌తో కొలవడానికి బడిలో పక్క నుంచి తీసిన తన ఫోటో మీద నిలువునా ఒక ఎర్ర గీత, దాని కింద “తల ముందుకు వాలిన భంగిమ” అన్న తీర్పు, ఆ కింద పన్నెండు వ్యాయామ తరగతుల ప్యాకేజీ ధర, అట్టడుగున తల్లిదండ్రుల సంతకానికి చోటు ఉన్నాయి. “నాన్నా, నేను వంకరగా ఉన్నానా?” అని ఆ పిల్ల అడిగిన క్షణం నుంచి నా కోపం దిగలేదు.

ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూశాను. రెండు జడలూ మడిచి, చెవుల పక్కన రిబ్బన్లతో పువ్వులా కట్టుకుని రావాలన్నది ఆ బడి నియమమే. ఆ రిబ్బను రెక్క చెవిని పూర్తిగా కప్పేసి ముందుకు వాలి ఉంది. యాప్ తన చెవి చుక్కను తీసుకెళ్లి సరిగ్గా ఆ తెల్ల రిబ్బను అంచున పెట్టింది. రెండో చుక్క చొక్కా కాలరు మీద పడింది. తల ఎంత ముందుకు వచ్చిందో తెలియాలంటే, మెడ వంచినప్పుడు వేలికి తగిలే ఏడో వెన్నుపూసను తడిమి గుర్తు పెట్టి, అక్కడి నుంచి చెవి రంధ్రం ముందుండే చిన్న గుబ్బ దాకా గీత గీసి, అది అడ్డగీతతో చేసే కోణాన్ని చూడాలి. మరి ఇక్కడ కొలిచింది మా అమ్మాయి మెడనా, ఆమె రిబ్బనునా?

తాపీ మేస్త్రీ కూడా గోడ నిలువు చూడడానికి తూకం గుండు వదిలి, అది ఊగడం ఆగేదాకా ఓపిక పడతాడు. మనిషి నిలువును చూడడానికీ అదే గుండు. పక్క నుంచి చూస్తే ఆ దారం చెవి, భుజం, తుంటి మీదుగా వచ్చి, మోకాలి కీలుకూ చీలమండకూ కొంచెం ముందుగా దిగాలన్నది పాత పద్ధతి. పిల్లలు గోడలు కారు కాబట్టి అదీ ఒక్కసారి చూస్తే చాలదు. నిలబడమంటే ఒక కాలి మీద బరువు వేస్తారు, ఫోటో అంటే బిగుసుకుపోతారు, పక్కవాడు నవ్వితే తిరిగి చూస్తారు. అందుకే చెప్పులు విప్పించి, కెమెరాను స్టాండు మీద మట్టంగా నిలిపి, రెండు మూడుసార్లు కొలవాలి. బడిలో ఈ కొలతలు తీసినవారు మాత్రం లెక్కల మాస్టారు దయతలచి వదిలిపెట్టిన ఒకే ఒక్క డ్రిల్లు పీరియడులో, బూట్లతోనే నిలబెట్టి, చేతిలో పట్టుకున్న ఫోనుతో క్లాసు క్లాసంతా ముగించేశారట. మా కింది ఇంటి ఒకటో తరగతి బాబుకు “నడుము వంపు అధికం” అని రాసిచ్చారు. ఆ వయసు పిల్లలకు పొట్ట ముందుకు, నడుము లోపలికి ఉండడం మామూలేనని వారి నాయనమ్మను అడిగినా చెప్పేవారు.

నిజంగా వెన్ను గురించి బెంగ ఉంటే, పిల్లను ముందుకు వంగమని వెనక నుంచి వీపు రెండు వైపులా సమంగా ఉందో లేదో చూసే ఆడమ్స్ పరీక్ష ఉంది. అర నిమిషం పని, యాప్ అక్కర్లేదు. వెన్ను పక్కకు వంగుతోందన్న అనుమానం పదేళ్లు దాటుతున్న ఆడపిల్లల్లో తొలుత అక్కడే దొరుకుతుంది. దాన్ని ఎవరూ చేయలేదు. దానికి ప్యాకేజీ లేదు కదా!

అసలు నా మంట ఈ కాగితం మీద మాత్రమే కాదు. రాత్రి ఊరి ప్రయాణాలకు వాడే కొక్కెం త్రాసుకు మా అమ్మాయి సంచిని తగిలించాను. నీళ్ల సీసాతో కలిపి 5 కిలోల 400 గ్రాములు తూగింది. పిల్ల బరువు 27 కిలోలు. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతోంది. మూడు నుంచి అయిదో తరగతి వారికి రెండు మూడు కిలోలు మించరాదని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. ‘మాల్గుడి’ కథల రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగంలోనే, ఈ సంచులు మోసి పిల్లలు గూనివాళ్లవుతున్నారని మొత్తుకున్నారు. యశ్‌పాల్ కమిటీ చదువు బరువు మీద 1993లో నివేదిక ఇచ్చింది. ఇన్నేళ్లలో ఏ బడి గుమ్మం దగ్గరైనా పిల్లల సంచులను తూచే త్రాసును మీరు చూశారా? సంచి దించి పక్కన పెట్టించి, ఆ తరువాత మెడ ఎందుకు వాలిందని పిల్లకే నోటీసు ఇవ్వడానికి మాత్రం వీరికి యాప్ దొరికింది.

పొద్దున నుంచి మా అమ్మాయి అద్దం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా గడ్డం లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నడుస్తోంది. కాగితం మీద సంతకం చేశాను. ప్యాకేజీ గడిని కొట్టేసి, దాని పక్కన సంచి బరువు, పిల్ల బరువు, రిబ్బను రంగు రాసి పంపాను.