పక్క చేను చూసి వేసే పంట

గుంటూరు యార్డులో మిర్చి ధర పడిన ప్రతిసారీ వ్యాపారిని తిడతాం, ప్రభుత్వాన్ని తిడతాం. అసలు జబ్బు జూలైలో నారు పోసేనాడే మొదలవుతుంది. 2021 చివర నల్ల తామర పురుగు పూతను ఊడ్చేసింది. సరుకు తగ్గి, తర్వాత క్వింటా 20 వేలు దాటింది. పక్కవాడు బాగుపడ్డాడని ఊళ్లకు ఊళ్లు మిరప వేశాయి. 2025 ఫిబ్రవరికల్లా ధర కూలి, క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేస్తూ కేంద్రం మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది.

అందరూ ఒకే పంట వేస్తే ముందు దెబ్బ కోతల్లో తగులుతుంది. తోటలన్నీ ఒకేసారి పండుతాయి, కూలీలు దొరకరు, కాయ చెట్టుమీదే రంగు పోయి తాలవుతుంది. కల్లంలో చోటు చాలక, తేమ 10-11 శాతానికి దిగకముందే టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టేస్తారు. లోపల బూజు పడుతుంది. కోల్డ్ స్టోరేజీ నిండిందంటే అడిగిన రేటుకు వదిలేయాల్సిందే. పురుగూ అంతే. అందరూ ఒకే మందు కొట్టి కొట్టి దానికి తట్టుకునే శక్తి తెప్పిస్తారు.

ఆ ఊళ్లోనే ఒకడు చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్న వేస్తాడు, పురుగు అంటుకునే నీలం జిగురు అట్టలు కడతాడు, సగం పొలంలో మినుము చల్లుతాడు. వాణ్ని పిచ్చోడంటారు. పక్కనుంచి ఎగిరొచ్చే తామర పురుగుకు ఆ జొన్న అడ్డుపడుతుంది. మిర్చి ధర కూలిన ఏడాది ఇంకో దారి ఉందని ఊరికి చూపించేది ఆ సగం పొలమే. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఎంత మంచి విత్తనం పుట్టినా, ముందు ఒక్కడి చేలో పండితేనే కదా ఊరు నమ్మేది. అలాంటివాడికి మనం ఇస్తున్నదేమిటి? ప్రభుత్వం ఆ ప్రాంతానికి ప్రకటించిన (నోటిఫై చేసిన) పంటకే బీమా అంటున్నాం. కొత్త పంట వేసినవాడు మునిగితే ఒంటరిగానే మునగాలి. ఇది మారాలి.

ఐకమత్యమే బలం కదా అంటారు. నిజమే, లారీ కలిసి మాట్లాడుకోవడానికి, ధర కోసం కలిసి నిలబడటానికి. కలిసి అమ్ముకోవడం వేరు, కలిసి ఒకే పొరపాటు చేయడం వేరు.

ఈ తెగులు చేలల్లోనే లేదు. విజయవాడలో టెన్త్ ఫలితాలు రాగానే ఎదురింటి అబ్బాయి ఎంపీసీ అని మన అమ్మాయికీ ఎంపీసీ. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. వీధంతా ఒప్పుకునేదాకా ఆగి ఉంటే అది పుట్టేదే కాదు. ఇంటర్ అప్లికేషన్ మీద గ్రూపు రాసేముందు, బంధువులకు ఫోన్ చేయకుండా, ఆ పిల్లను కూర్చోబెట్టి అడగండి.